దీపాన్ని తాగే కొట్టు

తనకల్లు పొలిమేరలో ఉన్న ఆ రాతి కొట్టుకు మంచి పేరు లేదు. కలరా వచ్చిన ఏడాది శవాలన్నీ అందులోనే వేశారంటారు. పొద్దు గూకిందా… అక్కడ దీపం మసకబారుతుందట, ఎవరో తాగేస్తున్నట్టు.

సర్కారు వాళ్లకు అదేం పట్టింది! కరువు వచ్చిన ఏడాది బావినీళ్ల పరీక్షకని లేబరేటరీ తెచ్చి అందులోనే పెట్టారు. మొదట పనికి కుదిరిన వీరప్ప, "దీపాన్ని తాగేస్తాండారు!" అని అరుస్తూ పారిపోయాడు. ఆ పని కదిరప్పకు వచ్చింది. ఇంట్లో ఒంటిపూట సంగటి, అందులోకి ఉప్పు. ఆకుకూర చూసి ఏడాదైంది. భయపడితే అదీ లేదు.

గాజుగొట్టాల్లో మాంసం ఉడికించి వడగట్టిన తేటరసం ఉంటుంది. అందులో బావినీళ్లు కలుపుతారు. క్రిములు పెరిగితే రసం గంజిలా తెల్లగా మసకబారుతుంది. గొట్టం వెనక నల్లగీతల అట్ట పెట్టి చూడాలి. గీతలు కనపడితే బావి మంచిది.

ఆ రోజువి కదిరప్ప వాడ బావి నీళ్లే. చుట్టుపక్కల ఊట మిగిలిన బావి అదొక్కటే. లేబరేటరీ డాక్టరు కదిరి పట్నానికి పోతూ, "సాయంత్రం చూడు. గీతలు మాయమైతే తెల్లారేలోగా బావి మీద ముళ్లకంప వేయించు" అని చెప్పాడు.

కదిరప్ప లాంతరు వెలిగించి మొదటి గొట్టం ఎత్తాడు. గీతలు లేవు. రెండోది… లేవు. ఇక వాడంతా ఏం తాగుతుంది?

చివరిది బావినీళ్లు కలపని గొట్టం. అది ఎప్పుడూ తేటగానే ఉండాలి. దాన్నీ ఎత్తాడు…

అందులోనూ గీతలు లేవు!

ఒత్తి పెంచాడు. వెలుగు పెరగలేదు. నలువైపులా చీకటి దగ్గరికి జరుగుతోంది… వెనక అడుగుల చప్పుడు—

"ఎవురది?"

"నేనేలేయ్యా, సంగటి తెచ్చినా." భార్య నల్లమ్మ గొంతు.

"పో నల్లీ… అది దీపాన్ని తాగేస్తాండాది. ఏ గొట్టంలోనూ గీతలు కనపడ్డంలే," అన్నాడు గుసగుసగా.

ఆమె గొట్టమూ అట్టా అందుకుంది. తర్వాత మిగతావీ ఒక్కొక్కటే చూసింది.

"ఏం తాగడమయ్యా? లాంతరు భగభగ మండుతాండాది. గీతలు అన్నిట్లోనూ బాగా కనపడతాండాయి!"

బావి దక్కింది. కదిరప్పకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు.

"నల్లీ… యాడుండావే?"

"నీ ఎదురుగానే ఉండాను కదా…" లాంతరు అతని ముఖం దాకా ఎత్తి, నల్లమ్మ బావురుమంది. "రేచీకటయ్యా! మా నాయనకూ కరువులో ఇట్లే మొదలైంది."

ఆమె చెయ్యి పట్టుకుని కదిరప్ప బయటికి వచ్చాడు. బయటా అంతే చీకటి.

"దెయ్యమే అయ్యుంటే… గడప దాటినాక ఇడిచిపెట్టేది కదే!" అన్నాడు.