బంతి మౌస్

ఆదివారం పొద్దున. తండాలో మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. పిల్లలు యాడీ అని పిలిచే తల్లి మంగ్లి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తోంది. రూప్లా తన కొడుకు కోటేష్ ముఖం కడిగి, తువ్వాలుతో తుడిచి, చొక్కా గుండీలు పెడుతున్నాడు.

"బాపూ, జల్దీ కానియ్. పొద్దుగూకే లోపల లాల్‌సింగ్ బాబాయ్‌కి పెండ్లి కార్డు ఇయ్యాలె" అన్నాడు కోటేష్.

"పెండ్లి నీదైనట్టు తొందర పడ్తున్నవ్ గదరా" అని రూప్లా నవ్వాడు.

మూడేళ్ల కింద చేను దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజు వేయబోతే కోటేష్‌కు కరెంటు కొట్టింది. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఎడమ చేతి వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి అలాగే ఉండిపోయాయి. హైదరాబాదు దవాఖానాలో ఒక డాక్టరమ్మ తను వాడి మానేసిన బంతి మౌస్ ఇచ్చింది. దాన్ని బల్ల మీద అటూ ఇటూ జరపనక్కర్లేదు. కదలకుండా ఉంటుంది. పైనున్న పెద్ద బంతిని అరచేతి అడుగుభాగంతో దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది; బంతి పక్కన చిన్నవీ పెద్దవీ బటన్లుంటాయి. దానితోనే కోటేష్ పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు తయారుచేయడం నేర్చుకున్నాడు. జూలూరుపాడు చుట్టుపక్కల తండాల్లో ఎవరింట్లో శుభకార్యమైనా ఇప్పుడు అతన్నే అడుగుతున్నారు.

ప్రమీల అతనికి అక్క. ఖమ్మంలో ఉద్యోగం. ఖానాపురం హవేలిలో కిరాయి గదిలో ఉంటూ ప్రతి శనివారం సాయంత్రం బస్సులో వస్తుంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. పురుగుమందు డబ్బా మీద రాసింది చదవాలన్నా, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ ఏంటో చెప్పాలన్నా "బిడ్డ వచ్చినంక చూస్తది" అనడం ఇంట్లో అలవాటైపోయింది. ఆమె చేసిన పనిని ఎందుకు చేశావని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

నిన్న కూడా అలాగే జరిగింది. ఈ ఆపరేటింగ్ సిస్టంకు ఇకమీదట రక్షణ ఉండదని తమ్ముడి కంప్యూటర్ తెర మీద హెచ్చరిక కనబడింది. కోటేష్ తండ్రితో చేను వైపు వెళ్లి ఉన్నాడు. వచ్చేసరికి అయిపోతుందని ప్రమీల కొత్తది ఎక్కించింది. జాగా చాలడం లేదని పాత సిస్టం ఫైళ్లన్నీ తీసేసింది కూడా. తమ్ముడికి మంచి పని చేశానని తృప్తిగా పడుకుంది.

ఈ పొద్దున కోటేష్ కుర్చీలో కూర్చుని చెయ్యి బంతి మీద పెట్టాడు. బాణం కదిలింది. చిన్న బటన్ తాకి, పెళ్లికూతురు లిఖిత పేరును కార్డు ఎడమ పక్కకు లాగబోయాడు. పేరు కదల్లేదు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే.

"అక్కా, ఇదేందో అయింది చూడు."

నిన్న కొత్త సిస్టం ఎక్కించానని చెబుతూనే ప్రమీల వచ్చి చూసింది. తీగ ఊడదీసి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. బంతి తిరుగుతోంది గాని, పైనున్న చిన్న బటన్లు పలకడం లేదు. తయారీదారుల వెబ్‌సైటులో వెతికితే ఈ మోడల్ పాతది, కొత్త సిస్టంకు సాఫ్ట్‌వేర్ లేదు అని ఉంది. సరే, పాత సిస్టంకే తిరిగి వెళదామని చూస్తే ఆ దారీ మూసుకుపోయింది. వెనక్కి వెళ్లడానికి కావలసిన ఫైళ్లు తన చేత్తోనే తీసేసింది మరి.

ఖమ్మంలో తెలిసిన షాపతనికి ఫోన్ చేసింది. "అది బాగా పాత మాల్ మేడం. పక్కన పడేసి మామూలు మౌస్ తీసుకోండి" అన్నాడతను.

ఇంకేం తోచక, ఆటో ఎక్కి జూలూరుపాడు సెంటర్‌కు పోయి మౌస్ కొనుక్కొచ్చింది. కోటేష్ దాని మీద చెయ్యి పెట్టాడు. వేళ్లు విచ్చుకోవు కనుక అది పట్టు చిక్కక బల్ల అంచు దాకా జారి కింద పడింది. రూప్లా తీసి పెట్టాడు. మళ్లీ పడింది.

"అక్క అంత దూరం పోయి తెచ్చింది. మెల్లగ అలవాటు చేస్కో బిడ్డా" అంది మంగ్లి.

కోటేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పోనీ, నువ్వు చెప్పు, నేను జరుపుతా" అంటూ ప్రమీల కుర్చీ దగ్గరికి లాక్కుని మౌస్ అందుకుంది. "పేరు యాడ పెట్టాలె?"

"కొంచెం కిందికి. ఎడమకు."

"మధ్యల్నే బాగుంటదిరా."

"ఎడమకు అక్కా. కుడి పక్కన అద్దాల అంచు వస్తది, మన లంగా మీద ఉంటది చూడు, గట్ల."

"ఆ అంచు ఎందుకురా, మరీ నిండుగైతది. పూలు పెడదాం" అని ప్రమీల పూలు పెట్టేసింది. అక్షరాల రంగు కూడా మార్చింది. పని చకచకా సాగుతోందని ఆమెకు అనిపించింది. పక్కకు తిరిగేసరికి తమ్ముడి కళ్లు తెర మీద లేవు, గోడ మీద ఉన్నాయి.

"ఏందిరా, చెప్పవేంది?"

"చెప్పేదేముంది? నువ్వు చేస్తనే ఉన్నవ్ గదా."

"సాయంత్రానికి ఇయ్యాలంటివి. అందుకే గదా..."

"నన్ను ఒక్క మాట అడిగినవా అక్కా?" అతని గొంతు పెరిగింది. "నా కంప్యూటర్ అది. చేను నుంచి వచ్చేదాంక ఆగలేకపోయినవా?"

"నీ మంచికే చేసిన! వైరస్ వస్తే నీ పనంతా పోతదని భయపడ్డ."

"పోయింది గదా ఇప్పుడు!"

"అరేయ్, అక్కతోటి గట్లనా మాట్లాడేది?" రూప్లా గద్దించాడు. "మనకంటే చదువుకున్న పిల్ల. తెల్వక చేస్తదా?"

"నువ్వుండు బాపూ. నువ్వు ముఖం కడుగుతవ్. యాడి ముద్దలు చేసి పెడ్తది. ఏ పూట ఏ గోలీ ఎయ్యాల్నో అక్క ఫోన్ల చెప్తది. పొద్దున లేచిన కాడ్నించి నాకు నేను చేసుకునే పని ఇదొక్కటే ఉండె. ఈ బంతి ముందు కూసున్నప్పుడే నాకూ చేతులున్నయనిపించేది." కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు గాని, ముడుచుకుపోయిన పిడికిలితో సరిగా తుడుచుకోలేకపోయాడు. మంగ్లి కొంగు పట్టుకుని ముందుకొస్తే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రమీల లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు. ఏం చేసి ఈ తప్పు దిద్దాలో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

మంగ్లి వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వే గిట్ల ఏడిస్తే మేమేం గావాలె బిడ్డా? ఏదో ఒకటి చేస్తవ్ లే, నీకు తెల్వదా?"

"నాకు తెల్వది యాడీ. నిజంగ తెల్వది."

బిడ్డ నోట ఆ మాట మంగ్లి ఎన్నడూ వినలేదు. దగ్గరికి జరిగి ఆమె వీపు నిమిరింది. ప్రమీలకు మాత్రం ఆ మాట పైకి అన్నాక ఊపిరి ఆడినట్టయింది.

లోపలికి వెళ్లి తమ్ముడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"తప్పు చేసిన్రా కోటేష్. అడగకుండ చేసిన. ఎట్ల బాగుచెయ్యాల్నో నాకు తెలుస్తలేదు. ఆ చిన్న బటన్‌తో నువ్వేం చేసేటోడివో కూడా నాకు తెల్వది. చెప్పరా."

కోటేష్ చూపు గోడ మీది నుంచి బంతి వైపు తిప్పాడు. "ఒక్కసారి తాకితే అది పేరును పట్టుకునేది. మళ్ల తాకేదాంక వదలకపోయేది. నాకున్నది ఒక్క చెయ్యి గదా అక్కా. నొక్కి పట్టుకుంట బంతి ఎట్ల దొర్లియ్యాలె?"

పొద్దుటి నుంచి ఆమె ఆ మౌస్ పేరు పెట్టి, సాఫ్ట్‌వేర్ కోసమే వెతుకుతోంది. ఈసారి తమ్ముడు చెప్పిన సంగతినే పెట్టి వెతికింది. నొక్కి వదిలినా పట్టు విడవకుండా ఉండే సదుపాయం కొత్త సిస్టంలోనే, మౌస్ సెట్టింగుల్లో ఒక మూల ఉందట.

"ఇది పెట్టమంటవా?" అని అడిగింది.

"పెట్టు. ఆ పూలు తీసెయ్."

తీసేసింది. కొత్త మౌస్ కూడా ఊడదీసి పక్కన పెట్టింది.

ఆమె పెట్టిన ఆ సదుపాయం చిన్న బటన్‌కు పనిచేయదు. పెద్ద బటన్‌నే కాసేపు అదిమి పట్టి వదలాలి. కోటేష్ మణికట్టుతో అదిమాడు. పేరు చిక్కలేదు. మళ్లీ అదిమాడు. పేరు కదిలి, సగం దారిలో జారిపోయింది. ప్రమీల చెయ్యి బల్ల వైపు లేచింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఫోన్ మోగింది. లాల్‌సింగ్. "ఏం బిడ్డా ప్రమీలా, కార్డు అయిందా?"

"వాడే చెప్తడు బాబాయ్" అని ఫోన్ తమ్ముడి చెవి దగ్గర పెట్టింది.

"ఇయ్యాల కాదు బాబాయ్, రేపు ఇస్త. చెయ్యి కొంచెం కొత్తగుంది" అన్నాడు కోటేష్. అవతల ఏం విన్నాడో గాని, "అవ్ బాబాయ్, అద్దాల అంచే పెడ్తున్న" అన్నాడు.

సాయంత్రం దాకా పేరు పడుతూ లేస్తూనే ఉంది. ఒక్కోసారి కార్డు దాటి ఎక్కడికో పోయేది. అతని నుదుటి మీద చెమట కారి కనుబొమ్మల్లో నిలిచేది. తుడవాలనిపించేది ప్రమీలకు. కూర్చునే ఉండేది. పక్కనే ఉండి ఏమీ చేయకపోవడం ఇంత కష్టమని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

చివరికి పేరు ఎడమ పక్కకు వచ్చి ఆగింది. కాస్త వంకరగా ఉంది. కోటేష్ ఊపిరి పీల్చుకున్నాడు. చూపు తెర మీది నుంచి తిప్పకుండానే అన్నాడు.

"అక్కా, దూపైతుంది. జర నీళ్లు తాపు."

ప్రమీల లేచి గ్లాసు తెచ్చి అతని పెదవులకు ఆనించింది. రెండు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. కోటేష్ అరచెయ్యి బంతి మీదే ఉంచి గడగడా తాగాడు.

"ఇంకొన్ని" అన్నాడు.