రిపోర్టులో ఒక్క మాట

"ఇందులో ఏముందో చెబితే మీ సొమ్మేం పోయిందండీ?"

ఎలక్ట్రీషియన్ గొంతు ల్యాబ్ అంతా వినిపించింది. కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తలేదు.

"డాక్టర్ గారే చెప్పాలి. రూల్ అది. ఆయన ఆపరేషన్‌లో ఉన్నారు. రెండు గంటలు ఆగండి."

"రెండు గంటలా! ఈలోగా నా ప్రాణం పోయేట్టుంది."

అది అతని అమ్మమ్మ మెడలోంచి తీసిన గడ్డ ముక్క రిపోర్టు. తల్లీ తండ్రీ లేని అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. బయట బల్ల మీద ఏమీ ఎరగనట్టు కూర్చుంది. అతను చదివింది ఉర్దూ బడిలో. ఇంగ్లీషు కూడబలుక్కోగలడు గానీ అర్థం తెలిసేది తక్కువ. కాగితం చివర 'ట్యూమర్' పక్కనున్న మాట మీద వేలు పెట్టాడు. దాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు.

ఆ అవస్థ చూసేసరికి అమ్మాయి విసుగు ఎటో పోయింది.

"రిపోర్టు సంగతి నేను చెప్పను. ఒక ఇంగ్లీషు మాటకి అర్థం మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు. ఏ మాట?"

"బె... నిగ్న్."

"బినైన్. మధ్యలో జీ పలకదు." ఫోన్‌లో ఇంగ్లీష్-ఉర్దూ డిక్షనరీ తెరిచి అతని వైపు తిప్పింది. "మీరే చదువుకోండి. అప్పుడు నేను చెప్పినట్టు కాదు."

అతని చూపు తిన్నగా ఒక్క ముక్క మీదే పడింది. ముఖం పాలిపోయింది.

"జరర్... అంటే హాని."

ఆమెకు ఉర్దూ అక్షరం ముక్క రాదు. గాభరాగా ముందుకు వంగింది. "అదొక్కటేనా? కంగారుపడకుండా మొదట్నుంచీ చదవండి!"

"ముందు 'బే' ఉంది."

"అంటే?"

"లేకుండా... బేజరర్..." తలెత్తి ఆమెను చూశాడు. "హాని లేనిది!"

"వాక్యంలో వాడండి. అప్పుడే మాట వచ్చినట్టు," అంది కళ్ళొత్తుకుంటూ, టీచరమ్మలా.

"మా అమ్మమ్మ గడ్డ బినైన్," అన్నాడు. అంటూనే కౌంటర్ మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

డాక్టరూ వచ్చి ఆ మాటే ఖాయం చేశాడు.

నెల తిరిగాక మెడ చూపించుకోవడానికి వచ్చిన అమ్మమ్మ తిన్నగా ల్యాబ్ కౌంటర్ దగ్గరికే నడిచింది.

"అమ్మాయ్, నీకు పెళ్ళయిందా?"

"అమ్మమ్మా!" అన్నాడు అతను.

"నువ్వుండరా! ఫ్యాన్ బాగుచేసే వంకతో ఈ నెలలో మూడుసార్లు ఇక్కడికి వచ్చాడమ్మా. ఒక్క మాట అడిగే ధైర్యం లేదు వీడికి."

అతను అమ్మమ్మ చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఆమె కాదంటే ఈ గుమ్మం మళ్ళీ ఎలా తొక్కడం?

అమ్మాయి రిజిస్టర్ మూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయన ఊరికే రాలేదు, అమ్మమ్మా. మూడుసార్లూ ఫ్యాన్ తీగ ఊడబెరికి ఫోన్ చేసింది నేనే."