కిట్టమ్మా అని పిలిచిన గొంతు

“చనిపోయి ఇరవై ఒక్క ఏండ్లయింది సార్ మా నాయన. మొన్న కొత్త పాట పాడినాడు” అంది మంజులత. తన మాటకు తానే జడుసుకున్నట్టు చీర కొంగు గట్టిగా పట్టుకుంది.

డిటెక్టివ్ నంజుండప్ప ఆశ్చర్యపోలేదు. హిందూపురంలో బట్టల అంగడి మీదున్న ఆ చిన్న ఆఫీసులో ఆయన ఇలాంటివి చాలా విన్నాడు. అసిస్టెంటు వాసవి మాత్రం రాస్తున్న పెన్ను ఆపేసింది.

“మీ నాయన పేరేంటమ్మా?”

“పెనుకొండ ఓబులేశు.”

ఇద్దరికీ తెలిసిన పేరే. ఓబులేశు తానే పాటలు కట్టి, తిరునాళ్లలో పాడి, క్యాసెట్లు విడుదల చేసినవాడు. ఆ పాటలు ఈ ప్రాంతం పెళ్లిళ్లలో ఇప్పటికీ మోగుతున్నాయి. ఆయన కూతురు మంజులత పెనుకొండలోనే టీచరు.

ఆమె ఒక పోస్టు కవరు బల్ల మీద పెట్టింది. ధర్మవరం ముద్ర ఉంది. లోపల పెన్‌డ్రైవ్, ఒక చీటీ. ‘పాత క్యాసెట్ నుంచి ఎక్కించింది. వినండమ్మా’ అని మాత్రమే ఉంది చీటీలో.

వాసవి దాన్ని కంప్యూటర్లో పెట్టింది. హార్మోనియం మొదలైంది. తర్వాత అందరూ ఎరిగిన ఆ గొంతు.

‘నవ్వుతారని నన్నాపితివి కిట్టమ్మా,
సందేళకు వస్తా, సద్దన్నమైనా ఉంచు...’

రెండో చరణానికి ముందు గాయకుడు చిన్నగా దగ్గాడు. తర్వాత పాట అందుకున్నాడు.

“కిట్టమ్మ ఎవరు?”

“మా అమ్మ కృష్ణమ్మ. ఇంట్లో నాయన ఒక్కడే అట్ల పిలిచేది సార్. బయటోళ్లకు తెలీదు.”

“నవ్వుతారని ఆపిందంటే?”

“మడకశిరలో స్టేజీ మీద నుంచి పడి నాయనకు ముందు పండ్లు నాలుగు పోయినాయి. నెల దాటకముందే మళ్లీ కచేరీకి బయల్దేరినాడు. పండ్లు లేని నోటితో పాడితే జనం నవ్వుతారు, పోవద్దు అనింది అమ్మ. ఆ మాటకు అలిగి పోయినోడు మళ్లీ గడప తొక్కలేదు. ధర్మవరంలో హార్మోనిస్టు శ్రీరాములు ఇంట్లో ఎనిమిది నెలలుండి, గుండెపోటుతో ఆడనే పోయినాడు.”

“ఇప్పుడు అమ్మ ఎట్లుంది?”

“మూడు దినాలుగా మెతుకు ముట్టలేదు సార్. బీపీ మాత్రలు కూడా వేసుకోదు. ఈ పాట ఎప్పుడు పాడినాడు, యాడ పాడినాడు, ఇన్నేండ్లు ఎవరు దాచినారు అనే ధ్యాసే. నేనెవరికీ చెప్పలేదు. ఎవరో ఎగతాళికి చేసినారని తేలితే ఆయమ్మ తట్టుకోదు.”

ఆమె వెళ్లాక వాసవి అంది: “సార్, ఇప్పుడు ఏ గొంతునైనా కంప్యూటర్లో పుట్టిస్తున్నారు కదా.”

“పుట్టిస్తారు. కిట్టమ్మా అనే పిలుపు కంప్యూటర్‌కు ఎవరు చెప్పినారు? ముందు మనిషిని వెతుకుదాం. ఓబులేశు మాదిరి పాడేవాళ్లు ఎవరైనా ఉండారా ఈ ఊర్లో?”

ఉన్నాడు. పేరు రాజశేఖర్. పగలు పట్టుగూళ్ల మార్కెట్లో తూకాలు రాస్తాడు. సెలవు రోజుల్లో ‘ఓబులేశు పాటల బృందం’ పేరుతో పాడతాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక కల్యాణమండపంలో నిశ్చితార్థానికి పాడుతుంటే ఇద్దరూ వెళ్లి వెనక కూర్చున్నారు.

ముప్పై ఏళ్ల మనిషి. నుదుటి మీద బొట్టు, భుజం మీద ఎర్ర కండువా, అన్నీ పాత క్యాసెట్ అట్ట మీది ఓబులేశు లాగే. గొంతెత్తగానే భోజనాల దగ్గరి సందడి తగ్గింది. నడివయసు ఆడవాళ్లు పెదవులు కదుపుతూ వెంట పాడుతున్నారు. రెండో చరణానికి ముందు అతను చిన్నగా దగ్గాడు. ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

పాటలయ్యాక నంజుండప్ప అతన్ని పలకరించాడు. “ఆ దగ్గేంటప్పా?”

రాజశేఖర్ నవ్వాడు. “క్యాసెట్లో ఆయన ఆడ దగ్గినాడు సార్. రికార్డింగప్పుడు జలుబేమో. అదీ ఉండాల్సిందే. ఒకసారి పరిగిలో మానేస్తే, ఒక పెద్దాయన వచ్చి ‘ఏమబ్బా, దగ్గు మింగేస్తివే’ అని తగులుకున్నాడు.”

“ఇంత మంచి గొంతు పెట్టుకొని ఇంకొకరి మాదిరే పాడితే బాధ అనిపించదా?” అని అడిగింది వాసవి.

అతను కండువా తీసి మడతపెట్టాడు. “నేను పాడతాంటే వాళ్లు నన్ను చూడరు మేడం. కండ్లు మూసుకొని వాళ్ల పెండ్లి దినాలకు పోతారు. నేను తీసుకపోయినా కదా అని నాకు సంతోషం. ఒకసారి నా సొంత పాట పాడినా. అందరూ లేసి చేతులు కడుక్కోను పోయినారు.”

నంజుండప్ప ఫోన్‌లో కొత్త పాట వినిపించాడు. రాజశేఖర్ తలొంచుకుని విన్నాడు. “అచ్చం ఆయనే సార్.”

“ఇది విన్నప్పటి నుంచి ఆయన భార్య అన్నం తినడం లేదు.”

రాజశేఖర్ చేతిలోని మైకు వైరు జారి కింద పడింది.

“ఆయన హార్మోనిస్టు శ్రీరాములు తెలుసా నీకు?”

“పేరు విన్నా. ఎప్పుడూ చూడలేదు సార్.”

మర్నాడు పొద్దున ఇద్దరూ ధర్మవరం వెళ్లారు. శ్రీరాములు డెబ్బై దాటిన నేతగాడు. మగ్గం ఆపి బయటికి వచ్చాడు.

“ఓబులేశు మీ ఇంట్లో ఉన్నప్పుడు ఏమన్నా పాట రికార్డు చేసినాడా?”

“లేదు సామీ. నాకేమీ తెలీదు.”

“రాజశేఖర్ అని, ఓబులేశు పాటలు పాడే అతను. ఎరుగుదురా?”

“ఎవరో అట్ల పాడతారని విన్నా. నేను చూడలేదు.”

వీళ్లు లేవబోతుంటే ముసలాయన గుమ్మం పట్టుకుని అడిగాడు. “కిష్టమ్మ వదిన ఇప్పుడన్నా ఇంత తింటాందా సామీ?”

“కనుక్కొని చెప్తాం” అన్నాడు నంజుండప్ప.

కారు ఎక్కాక వాసవి నిట్టూర్చింది. “ఇద్దరూ తెలీదన్నారు. వచ్చిన పని కాలేదు సార్.”

“అయిపోయింది. రేపు వాళ్లిద్దర్నీ పెనుకొండకు రమ్మని చెప్పు. ఇంకొక్క ప్రశ్న ఉందని, అదే ఆఖరిదని చెప్పు.”

మంగళవారం పదిగంటలకు కృష్ణమ్మ ఇంటి వసారాలో అందరూ కూర్చున్నారు. కృష్ణమ్మ గోడకానుకుని ఉంది. మొహం వాడిపోయినా చూపు నిలకడగానే ఉంది. రాజశేఖర్, శ్రీరాములు ఒకరినొకరు చూసుకోలేదు.

“అమ్మా, ఈ పాట మీ ఆయన పాడింది కాదు” అన్నాడు నంజుండప్ప. మంజులత తల్లి చెయ్యి పట్టుకుంది. “జనం నవ్వుతారని మీరు ఆపిన సంగతి పాటలోనే ఉండాది. అంటే ఇది పోట్లాట తర్వాతి పాట. అప్పటికి ఆయనకు ముందు పండ్లు లేవు. కానీ ‘సందేళకు, సద్దన్నం’ అనే మాటల్లో ‘స’ ఎంత శుభ్రంగా పలికిందో వినండి. పండ్లు లేని నోట్లో గాలి పోయి ఈల వస్తుంది. ఇది క్యాసెట్ల నాటి గొంతు. ఆ క్యాసెట్లు విని నేర్చుకున్నోళ్లు పాడింది.”

నంజుండప్ప రాజశేఖర్ వైపు తిరిగాడు.

“రెండోది దగ్గు. ఓబులేశు ఒక పాటలో, ఒకసారి దగ్గినాడు. ఈ కొత్త పాటలోనూ సరిగ్గా రెండో చరణానికి ముందే దగ్గు వచ్చింది. అసలు మనిషికి దగ్గు అనుకోకుండా వస్తుంది. అనుకరించే మనిషికి అలవాటుగా వస్తుంది. రాజశేఖర్, నీకు తెలీకుండానే దగ్గినావు కదా?”

“అవును సార్. విన్నాక నాకే తెలిసింది.”

“కిట్టమ్మ అనే పేరు, పోట్లాట సంగతి అతనికి తెలిసే దారి లేదు. ఆ ఎనిమిది నెలలు ఓబులేశుతో ఉండింది శ్రీరాములు ఒక్కడే. మీరిద్దరూ ఎరగమన్నారు. కానీ ఈయమ్మ తినడం లేదని నేను చెప్పింది రాజశేఖర్‌కు మాత్రమే. మర్నాడే ఆ సంగతి శ్రీరాములు నన్ను అడిగినాడు. రాజశేఖర్ ఫోన్ చేయకుంటే ఎట్ల తెలుస్తుంది?”

వాసవికి గుమ్మం దగ్గరి ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. తాను కూడా విన్నదే. నంజుండప్ప వైపు మెచ్చుకోలుగా చూసింది.

శ్రీరాములు చేతులు జోడించాడు. “పాట వాడు పాడినా, మాటలు ఓబులేశువే వదినా.” చొక్కా జేబులోంచి నాలుగు మడతల క్యాలెండరు కాగితం తీశాడు. “నీ కోసమే కట్టినాడు. పాడబోతే ‘స’ దగ్గర ఈల వస్తాండె. నాలుగుసార్లు పాడి చూసి ఏడ్చినాడు. కట్టుడు పండ్లకు కొలతలిచ్చినాడు. సోమవారం పెట్టించుకొని, నీ దగ్గరికొచ్చి పాడతా అన్యాడు. దానికి ముందు గురువారమే పాయ.”

“ఇరవై ఒక్క ఏండ్లు నీ దగ్గర పెట్టుకున్యావా?” కృష్ణమ్మ గొంతు పదునుగా ఉంది.

“ఆ దినం కచేరీకి పిలవనొచ్చింది నేనే వదినా. నీవు వద్దంటాంటే చెయ్యి పట్టుకొని తీసుకపోయింది నేనే. ఏ మొగం పెట్టుకొని వస్తును? ఈ ఏడు ధర్మవరంలో ఈ పిల్లోడి గొంతు విన్నా. వీడు పాడితే ఓబులేశు పాడినట్టే అనుకుంటావు అని...”

“నేను వద్దన్నా అవ్వా. తర్వాత ఆయన కొత్త పాట నేనే పాడల్లని నాకూ ఆశ పుట్టింది” అన్నాడు రాజశేఖర్. “తప్పయింది. ఇంక ఆయన పాటలే పాడను.”

కృష్ణమ్మ కాగితం విప్పి చాలాసేపు చూసింది. కొట్టివేసిన ఒక మాటను వేలితో నిమిరింది.

“సోమవారమన్యాడా?”

“సోమవారమే వదినా.”

“రావల్లనే ఉన్నాడన్నమాట.” ఆమె ఏడవలేదు. కాగితం రాజశేఖర్ చేతికిచ్చింది. “ఆయన పాటలు మానొద్దప్పా. ఆడ జనం కోసం పాడుకో. ఇది మాత్రం నా కోసం, నీ మాదిరి పాడు.”

రాజశేఖర్ కాగితం రెండుసార్లు చదివాడు.

“నా మాదిరి ఎట్ల పాడల్ల అవ్వా? దానికి క్యాసెట్ లేదు.”

“నాకేం తెలుసు నాయనా, నీ సొంత గొంతు నేనూ ఎప్పుడూ విన్లేదు గదా” అంది కృష్ణమ్మ. “నీకొచ్చినట్ల పాడు.”

మంజులత బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది. శ్రీరాములు హార్మోనియం లేకుండానే సన్నగా శ్రుతి పట్టాడు. రాజశేఖర్ రెండుసార్లు తప్పుగా ఎత్తుకుని, మూడోసారి మొదలుపెట్టాడు.