లింక్‌లో పోయిన అలారం

"ప్రతి ఫంక్షన్ మీదా ఇన్‌లైన్ అని రాసిన మహానుభావుడు ఎవరండీ?"

కొత్తగా చేరిన అమ్మాయి నోట వచ్చిన మొదటి మాట అది. మహానుభావుడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. రోగులకు మందు ఎక్కించే పంపుకి ప్రోగ్రాములు రాసే ఆఫీసది; ప్రోగ్రామ్‌లో ఒక్కో పని చేసే ముక్కని అక్కడ ఫంక్షన్ అంటారు.

"నేనేనండీ. వేగం కోసం."

"పిలిచిన ప్రతిచోటా ఫంక్షన్ మొత్తం అతికిస్తే వేగం సంగతి దేవుడెరుగు, చిప్‌లో చోటేదీ?"

ఆనాటి నుంచి అతను ఆమెకు 'ఇన్‌లైన్ గారు' అయ్యాడు. ఆ పిలుపు వినకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు.

ఆమె భయపడినట్టే, పంపు పరీక్ష దగ్గరపడ్డాక ప్రోగ్రామ్ చిప్‌లో పట్టలేదు. ఆమె దిగులు చూడలేక అతను చెప్పాపెట్టకుండా లింక్‌టైమ్ ఆప్టిమైజేషన్ ఆన్ చేశాడు. ఫైళ్లన్నిటినీ కలిపి చూసి, ఎవరూ వాడనివి పారేసే ఆప్షన్ అది. ప్రోగ్రామ్ చక్కగా పట్టింది. ఆమె మొహం వెలిగింది. అతను లోలోపల పొంగిపోయాడు.

పరీక్షలో మందు గొట్టంలోకి గాలి వదిలారు. గాలి రోగి ఒంట్లోకి పోతే ప్రాణానికే ముప్పు, వెంటనే అలారం మోగాలి. అలారం మోగలేదు.

"అలారం కోడ్ రాసింది నువ్వే కదమ్మా? రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు అందరి ముందూ.

అతను కోడ్ అంతా వెతికాడు. అలారం ఫంక్షన్‌ని ప్రోగ్రామ్‌లో ఎవరూ పిలవరు. గాలి చేరితే చిప్ తానే నేరుగా పిలుస్తుంది. ఆప్షన్‌కి అది కనిపించలేదు. పనికిరానిదనుకుని తీసి పారేసింది.

మంచి చేయబోతేనే ఇలా ఎందుకవుతుంది స్వామీ? జవాబు రాలేదు. ఎప్పుడూ అంతే, అడిగినవాడే లేచి వెళ్లాలి. మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"ఆ ఆప్షన్ పెట్టింది నేను సార్. ఆవిడ తప్పేం లేదు."

"అయితే ఆ అమ్మాయి ఉంటుంది. నువ్వు బయల్దేరు."

బయట ఎడతెగని వాన. మెట్ల దగ్గర ఆమె అడ్డొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మాట చెప్పుంటే, 'ఇది వాడుతున్నాం, తీసేయకు' అని కోడ్‌లో రాసేదాన్ని కదా! ఎందుకు దాచారు?"

"మీరు నవ్వుతారని."

"నేను నవ్వితే మీకేంటి?"

ఇక పోయేదేముందనుకున్నాడు. "మీరంటే ఇష్టం."

"ఓహో. ఇదీ చెప్పకుండానే కానిచ్చారన్నమాట."

అతను తల వంచుకుని వానలోకి దిగాడు. ఉద్యోగం పోయింది, మనిషీ పోయింది.

"ఆగండి! మీ గురించి ఇంట్లో అమ్మకి ఏమని చెప్పను? ఉద్యోగం లేనివాడనా?"

అతను వెనక్కి తిరిగాడు. "చెప్పకండి. ఆవిడకి నామీద కోపమొస్తుంది."

"రానివ్వండి," అంది ఆమె, తడుస్తూ పక్కకు వచ్చి. "ఈ రాత్రే చెప్తాను. మీలా దాచడం నాకు రాదు."