రోసీనా మెడకు చేరవలసిన దండ

"బొటనవేలు బిగించి పట్టుకో తల్లీ, ఆకు జారిపోతోంది," అంది తూతూ.

నోహెయా ఆకు కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు చేతులతో చీలికలు మెలితిప్పసాగింది. కార్ల షెడ్డు రేకుల మీద వాన చప్పుడు చేస్తోంది. హవాయి దీవుల్లోని ఆ హీలో ఊళ్ళో వాన పడని రోజు ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. దండలల్లడానికి పెరట్లో కోసిన, కీ అనే మొక్క పచ్చటి ఆకులు బకెట్ నిండా ఉన్నాయి.

తూతూ నోహెయాకు నాయనమ్మ. ఆమె వేళ్ళలో ఏముందో కాని, వెడల్పాటి ఆకు వాటి సందులోకి వెళ్ళి మెరిసే తాడులా బయటికి వచ్చేది. తాడు పెరిగి పెరిగి దండ అయ్యేది. పదేళ్ళ నోహెయా ఎన్నిసార్లు చూసినా ఆ మాయ ఎక్కడ జరుగుతుందో పట్టుకోలేకపోయింది. తను తిప్పింది మాత్రం మేక నమిలిన తాడులా వచ్చింది.

ఆ సాయంత్రం అన్నయ్య మకోవా హైస్కూలు గ్రాడ్యుయేషన్. చదువు పూర్తిచేసిన పిల్లలకు ఆ ఊళ్ళో అందరూ దండలు వేస్తారు. కొందరు పూలవి కొంటారు, కొందరు చాక్లెట్లు గుచ్చుతారు. తూతూ మాత్రం పెరట్లో ఆకులతో అల్లి, మధ్యలో ఏదో ఒక పనికొచ్చే వస్తువు కడుతుంది.

అన్నయ్య దండకు ఆమె ఉన్ని సాక్సులను పూమొగ్గల్లా చుట్టి కట్టింది.

"సాక్సులేంటి తూతూ? మా క్లాసు మహీనావాళ్ళు వాళ్ళన్నకి చాక్లెట్ల దండ చేశారు."

"చాక్లెట్లు రేపటికి అయిపోతాయి. జనవరి చలికి ఆ ఓరెగాన్ కాలేజీలో మీ అన్న కాళ్ళు కొయ్యబారిపోతే మహీనా వచ్చి పట్టుకుంటుందా?"

రెండో దండకు డబ్బాలు తెరిచే ఓపెనర్ కట్టింది. అది పక్కింటి ఎల్డన్‌కి.

"వాడు హొనొలులులో హాస్టల్‌కి పోతున్నాడు. వాళ్ళమ్మ లేకపోతే నీళ్ళు కాచుకోవడం కూడా రాదు. ఇదుంటే కనీసం పస్తుండడు," అంది తూతూ.

మూడో దండకు అరచేతిలో ఇమిడే టార్చిలైటు కట్టింది.

"ఇదెవరికి?"

"రోసీనా అనే పిల్లకి. మీ అన్న స్కూలే. రోజూ తెల్లవారకముందే మన గేటు ముందునుంచి బస్సుకి నడుస్తుంది. ఆ మలుపులో దీపం లేదు. ఇక ఆస్పత్రిలో ట్రైనింగట, ఇంకా పెందరాళే పోవాలి."

"ఆమె మనకి చుట్టం కాదుగా?"

"మన గేటు ముందునుంచే పోతుందిగా," అంది తూతూ, ముడి బిగిస్తూ.

సాయంత్రం స్కూలు గ్రౌండుకు వెళ్ళారు. తడిసిన గడ్డిలో నడిస్తే తూతూ మోకాళ్ళు ఊరుకోవు. ఆమె గ్యాలరీలోనే కూర్చుని సంచి నోహెయా చేతికిచ్చింది.

"ఎవరిది వాళ్ళ మెడలో నువ్వే వెయ్యి. రోసీనా ఇంటిపేరు కూడా ఆర్‌తోనే మొదలవుతుంది. సరేనా?"

"సరే తూతూ."

మైకులో చివరి పేరు పిలిచారు. నీలిరంగు గౌన్లు వేసుకున్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచి టోపీలు ఎగరేశారు. ఆపైన గ్రౌండు చుట్టూ పాతిన పెద్ద పెద్ద అక్షరాల దగ్గరికి పరుగెత్తారు. ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ అక్షరం కింద నిలబడాలి. వాళ్ళను వెతుక్కుంటూ ఊరు ఊరంతా గ్రౌండులోకి దిగింది.

నోహెయా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఫ్లడ్‌లైట్ల ముందు వాన సన్నటి పిండిలా రాలుతోంది. మల్లెలు, దేవగన్నేరులు, తడి ఆకులు, అన్నీ కలిసిన వాసన ఊపిరి నిండా వస్తోంది. అమ్మమ్మలు, బాబాయిలు, చంకలో పిల్లలు, ఎవరిని చూసినా చేతుల నిండా దండలే. వాళ్ళ మధ్య నడిచే పూలగుట్టల్లా ఉన్నారు పాసైన పిల్లలు. కొందరికి మెడ కనిపించడం లేదు. కొందరికి గడ్డం కూడా మునిగిపోయింది. ఒకతనికి కళ్ళు మాత్రమే మిగిలాయి. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

అతను మహీనా అన్న.

అంతలో మహీనా పరుగెత్తుకుంటూ వచ్చింది. "మా అన్నకి ముక్కు దాటేశాయి. మీ అన్నకేంటే, గడ్డం దగ్గరే ఆగిపోయాయి?"

నోహెయా మకోవా వైపు చూసింది. అమ్మ వేసిన ఆర్కిడ్ దండ, బాబాయివాళ్ళవి, తూతూ సాక్సుల దండ, అన్నీ కలిపినా నిజంగానే గడ్డం దగ్గరే ఆగాయి.

సంచిలో ఇంకా రెండు ఉన్నాయి.

పక్కనే ఉన్న ఎల్డన్‌కి చెవులదాకా వచ్చేశాయి. వాడికింక చోటెక్కడుంది? ఆర్ అక్షరం ఎక్కడో ఆ చివర ఉంది, ఇంత జనంలో రోసీనాను ఎవరు వెతుకుతారు? నోహెయా గబగబా రెండు దండలూ తీసి అన్నయ్య తలమీంచి వేసేసింది. అవి నోరు దాటి ముక్కు దగ్గరికి వచ్చాయి.

"ఇప్పుడు చూడు," అంది మహీనాతో.

"ఉండండే, నోట్లోకి ఆకులు పోతున్నాయి," అని మకోవా దండలు కిందికి నొక్కాడు. వాటిలో చేతికి ఏదో గట్టిగా తగిలింది. లాగి చూశాడు. "టార్చి? ఇదేంటి, ఓపెనరా? తూతూ నన్ను కాలేజీకి పంపుతోందా, గుహలోకి పంపుతోందా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నోహెయాకు నవ్వు రాలేదు.

మకోవా వంగి మెల్లగా అడిగాడు. "తూతూ ఏదీ ఊరికే కట్టదు. ఇవి ఎవరివే?"

నోహెయా తల తిప్పుకుంది. అప్పుడు కనిపించింది, గ్రౌండుకు ఆ చివర ఆర్ అక్షరం కింద, బోసి మెడతో నిలబడ్డ అమ్మాయి. రోసీనాయే అయ్యుండాలి.

అంతమంది పూలగుట్టల మధ్య ఆ ఒక్క మెడ అంత దూరం నుంచే కనిపిస్తోంది. ఎవరో ఒక కుటుంబంవాళ్ళు ఆమె చేతికి ఫోనిచ్చి తమకు ఫొటో తియ్యమన్నారు. ఆమె నవ్వుతూ తీసింది. ఫోను వెనక్కి ఇచ్చేసి, చేతులు కట్టుకుని మళ్ళీ అక్షరం కిందికి వచ్చి నిలబడింది.

నోహెయా అన్నయ్య గౌను అంచు పట్టుకుంది.

"అన్నయ్యా, అవి నీవి కావు. ఒకటి ఎల్డన్‌ది. ఒకటి రోసీనా అక్కది. నీ కుప్ప ఎత్తుగా ఉండాలని నేనే వేసేశాను."

మకోవా మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. "తియ్యి మరి."

"వేసిన దండ తియ్యకూడదు కదా?"

"పడెయ్యడానికి తియ్యకూడదు, ఇంకొకరికి ఇవ్వడానికైతే తియ్యొచ్చు. ఇవి దారితప్పి వచ్చాయి కదా, ఫరవాలేదు."

అన్ని దండల మధ్యనుంచి ఆ రెండింటినీ లాగేసరికి కొన్ని ఆకులు చిరిగాయి. నోహెయా ముందు ఎల్డన్ దగ్గరికి వెళ్ళింది. వాడు కుర్చీ తెప్పించి ఆమెను దాని మీద ఎక్కించి, వేయించుకున్నాడు.

"ఓపెనరా? నా మొదటి వంట ఫొటో పంపిస్తానని తూతూతో చెప్పు."

"డబ్బా మూత తియ్యడం వంటట్రా?" అంది వాళ్ళమ్మ.

తర్వాత నోహెయా గ్రౌండుకు అడ్డంగా నడిచింది. తడిసిన చెప్పులు గడ్డిలో కిచకిచమంటున్నాయి. దగ్గరికి వెళ్ళాక రోసీనా తను అనుకున్నదానికంటే చాలా పొడుగ్గా కనిపించింది.

"రోసీనా అక్కా, ఇది మా తూతూ నీకోసం చేసింది. నేను మా అన్నయ్యకి వేసేశాను. అందుకే కొంచెం నలిగింది."

"ఏ తూతూ?"

"మలుపు దగ్గర పచ్చగేటు ఇల్లు. నువ్వు రోజూ అటే వెళ్తావుగా."

రోసీనా దండ మధ్యలోని టార్చిని వేలితో తాకింది. "ఆవిడ నన్ను చూస్తుందా? ఆ చీకట్లోనా?"

"రోజూ చూస్తుంది."

రోసీనా టోపీ తీసింది. ఆ పొడుగాటి మనిషి మెల్లగా, ఇంకా మెల్లగా, నోహెయా చేతులకు అందేదాకా వంగింది. ఆమె పాపిడి మీద వానచుక్కలు నిలిచి ఉన్నాయి. కళ్ళు మూసుకుంది. చుట్టూ అంత గోల జరుగుతున్నా నోహెయాకు ఏమీ వినిపించలేదు. తన చేతిలో ఉన్నది పెరట్లో కోసిన ఆకులే. అయినా దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి ఆ మెడలో వేసింది. వేశాక ఆమె చెంప మీద ముద్దు పెట్టింది.

రోసీనా టార్చిని అరచేతికి ఆనించి నొక్కింది. అరచేయి ఎర్రగా వెలిగింది. "రేపు పొద్దున మీ గేటు దగ్గర ఆగుతానని చెప్పు."

"మీవాళ్ళు రాలేదా అక్కా?"

"అమ్మా నాన్నా సముద్రానికి అవతల, మార్షల్ దీవుల్లో ఉన్నారు. ఇక్కడ పిన్ని ఉంది. హోటల్ వంటగదిలో డ్యూటీ. ఎంత ఆలస్యమైనా వస్తానంది."

అవతలినుంచి మహీనా ఫొటోకి రమ్మని చేతులు ఊపుతోంది.

"పిన్ని వచ్చేదాకా నేనుంటాను," అంది నోహెయా.

కొంతసేపటికి మకోవా కూడా వచ్చాడు. తన మెడలోంచి ఒక మల్లెల దండ తీసి చెల్లెలి మెడలో వేశాడు. "నా మెడ విరిగిపోతోంది. కొంచెం నువ్వూ మొయ్యి." వాళ్ళు మాట్లాడుతూ ఉండగానే గ్రౌండు ఖాళీ అవుతూ వచ్చింది.

అప్పుడొచ్చింది పిన్ని, గొడుగు ఒక పక్కకు వాలిపోతుండగా, వంటగది ఏప్రన్‌తోనే పరుగెత్తుకుంటూ. రోసీనాను చూడగానే ఆగిపోయి, తన చేతుల వంక చూసుకుంది.

"పూలకొట్టు మూసేశారు రోసీనా. పరుగెత్తాను గాని, మూసేశారు."

"ఫరవాలేదు పిన్నీ, నువ్వొచ్చావుగా."

నోహెయా మెడలోని మల్లెల దండ తీసి పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని ఆ పిల్లను చూసింది, దండను చూసింది.

రోసీనా మళ్ళీ వంగింది. పిన్ని దండ వేసి, నుదుటికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. చేతిలోని గొడుగు జారి గడ్డిలో పడింది.

నోహెయా దాన్ని తీసి, మునివేళ్ళ మీద నిలబడి, వాళ్ళిద్దరికీ పట్టింది.