ఆషాఢం వెళ్ళాక చూద్దాం

“లేని కంపెనీకి లీజు ఎలా రాసివ్వమంటారు, మిసెస్ మూర్తీ?”

షాపు ఓనరు ఆ మాట కోపంగా అనలేదు. టోపీ చేత్తో పట్టుకుని కౌంటరు ముందు నిలబడి, ఎవరో పోయిన కబురు చెప్పినంత మెల్లగా అన్నాడు. కొత్త లీజు రాయడానికి ఆయన లాయరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూశాడట. ఏటా పంపాల్సిన వివరాలు పంపలేదని వీళ్ళ కంపెనీని రిజిస్టరులోంచి ఎప్పుడో తీసేశారట! మళ్ళీ చేర్చుకోమని దరఖాస్తు పెట్టినట్టు శుక్రవారం సాయంత్రంలోగా రుజువు చూపిస్తే సరేసరి... లేదంటే ఆ షాపు కోసం ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు.

మంగాదేవి చేతిలోని ట్రే కౌంటరు మీద పెట్టేసింది. లేని కంపెనీ! మరి ఇన్నేళ్ళుగా తెల్లవారకముందే లేచి ఆమె వెలిగిస్తున్న ఓవెన్ ఎవరిది? క్రైస్ట్‌చర్చ్‌కి రెండు గంటల దూరంలో, మనుషులకంటే గొర్రెలే ఎక్కువున్న ఈ ఊళ్ళో, డెయిరీ అని పిలిచే పాత కిరాణా కొట్టు తీసుకుని, దాని వెనక వంటగదిలో గుంటూరు కారం వేసిన మాంసం వేపుడుని పిండి పొరల్లో మాంసం పెట్టి కాల్చే ఇక్కడివాళ్ళ ‘పై’లో కూరి అమ్మవచ్చని కనిపెట్టింది ఎవరు? గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాళ్ళు ముక్కూ కళ్ళూ తుడుచుకుంటూ మరీ ఇంకోటి కావాలని అడిగేది ఎవరి చేతి వంట? అదంతా... లేదా!

భర్త శ్రీనివాసమూర్తి తల ఎత్తలేదు.

“భార్గవ్ చూసుకుంటున్నాడుగా...” అన్నాడు నసుగుతూ.

భార్గవ్ చూసుకుంటాడు! ఆ ఇంట్లో ఆ మాటే మంత్రం. మూర్తి తమ్ముడు భార్గవ్ ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కంపెనీ రిజిస్ట్రేషనూ, పన్నులూ, ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాల్సినవన్నీ అతని చేతిలోనే. పాస్‌వర్డ్ అతనిది, ఈమెయిల్ అతనిది, రిజిస్టరులో రాయించిన అడ్రసు కూడా ఆల్బనీలో అతని ఫ్లాట్‌దే. ఊళ్ళో లైబ్రరీవాళ్ళు ఆడవాళ్ళకి ఉచితంగా కంప్యూటర్ క్లాసులు పెడితే మంగాదేవి వెళ్తానంది. “ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి పెట్టుకుని నువ్వు లైబ్రరీకెళ్ళి నేర్చుకుంటే మనకేం గౌరవం?” అని మూర్తి అడ్డం పడ్డాడు. గౌరవం! ఇప్పుడా గౌరవాన్ని ఎవరైనా సరే ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు.

కబురందుకుని శుక్రవారం మధ్యాహ్నానికి భార్గవ్ విమానంలో క్రైస్ట్‌చర్చ్ వచ్చి, అక్కణ్ణించి అద్దె కారులో దిగాడు. పెరట్లో పొద్దుటి మంచు ఇంకా కరగలేదు. కొడుకుని చూడగానే అత్తగారు సుశీలమ్మ కంచం అందుకోబోయింది.

“ఆగండత్తయ్యా! ముందు జరిగింది చెప్పనివ్వండి. తర్వాత తింటాడు,” అంది మంగాదేవి. ఆ గొంతు విని సుశీలమ్మ కంచం అక్కడే పెట్టేసింది.

“సారీ వదినా... కిందటేడు, రెండు వేల ఏడు జూలైలో అంతా నింపేశాను. సబ్మిట్ కొట్టడమే మిగిలింది. మిమ్మల్ని కూడా డైరెక్టర్‌గా చేర్చమని మీరే అన్నారు కదా, రెండూ ఒకేసారి చేద్దామని అన్నయ్యకి ఫోన్ చేస్తే... ‘ఆషాఢం వెళ్ళాక చూద్దాం’ అన్నాడు. ఈలోగా నేను జాబ్ మారి, ఆల్బనీ వదిలి న్యూ లిన్‌కి షిఫ్ట్ అయిపోయాను. గుర్తుచేసే మెయిల్స్ పాత ఆఫీసుకి పోయాయి, ఉత్తరాలు పాత ఫ్లాట్‌కి...”

మంగాదేవి భర్త వైపు తిరిగింది.

“ఆషాఢమా!”

“కొత్త పదవి కదా మంగా... నీ పేరు మంచిరోజున ఎక్కాలని అమ్మ అంది...”

అంతే! ఆమెలో ఇన్నేళ్ళుగా అణిగి ఉన్నదంతా ఒక్కసారి పైకి వచ్చేసింది. చేతులు పైకెత్తి చూపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఓవెన్ కాల్చిన మచ్చలు... పాతవీ, కొత్తవీ.

“ఆషాఢంలో నా పేరు ఎక్కకూడదు! మరి ఆషాఢంలో నేను పిండి పిసకొచ్చా అత్తయ్యా? ఈ చేతులు ఓవెన్లో పెట్టొచ్చా? కిందటేడు ఇదే నెలలో ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కౌంటర్లో నిలబడ్డాను. అప్పుడు ఒక్కరైనా అన్నారా, ‘ఆషాఢం కదమ్మా, శ్రావణం వచ్చాక కష్టపడుదువుగాని’ అని? నా చాకిరీకి లేని ఆషాఢం నా పేరుకి ఎందుకొచ్చిందండీ!”

భార్గవ్ మెల్లగా కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కున్నాడు.

“అరగంటలో టైప్ చేసేస్తాను వదినా...”

“లే అక్కణ్ణించి! పక్కన నిలబడి చెప్పు, నేను కొడతాను. ఈమెయిల్ నా పేరు మీద, అడ్రసు ఈ షాపుది.”

ఆ ఇంట్లో ఇంటర్నెట్ ఫోను లైను మీదే వస్తుంది. ఎవరైనా రిసీవర్ ఎత్తితే చాలు, కనెక్షన్ పోతుంది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి ప్రాణం పోయేది. మంగాదేవి ఒక్క వేలితో, అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ కొట్టింది. అరగంట పని సాయంత్రం దాకా సాగింది. ఎట్టకేలకు చివరి పేజీ వచ్చింది.

అప్పుడు మూర్తి గోడమీది తెలుగు క్యాలెండర్ వైపు చూశాడు.

“మంగా... ఇవాళ ఆషాఢ అమావాస్య. మన వైపు గ్రహణం కూడానట! ఓనరు మంచివాడేగా, ఒక్కరోజు గడువు అడుగుదాం. ఎందుకైనా మంచిది, సిద్ధాంతిగారికి ఒక్క ఫోన్ చేసి...” అంటూ హాల్లో ఫోన్ వైపు కదిలాడు.

“ఒరేయ్ మూర్తీ!”

సుశీలమ్మ ఎప్పుడు లేచి వెళ్ళిందో! రిసీవర్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది.

“దీన్ని ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే! అది మధ్యాహ్నం నించీ కొట్టిందంతా పోతుంది. ఆషాఢమని నేనొక మాట అనేసి ఊరుకున్నాను, ఏడాదంతా అనుభవించింది అది... ఆ చేతులు నా కళ్ళెదుటే కాలుతున్నా చూడలేదురా నేను! మంగా, నువ్వు నొక్కమ్మా. అమావాస్య సంగతి ఆ దేవుడితో నేను చెప్పుకుంటాను.”

మంగాదేవి కళ్ళు నిండిపోయాయి. తెర మీద అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అయినా నొక్కింది.

ఎంతసేపటికో దరఖాస్తు అందిందన్న పేజీ వచ్చింది. పంపినవారి పేరు దగ్గర ఆమె పేరే ఉంది. భార్గవ్ ప్రింటు తీయగానే మూర్తి ఆ కాగితం అందుకుని బయల్దేరబోయాడు.

“ఇటివ్వండి. నేనే వెళ్తాను,” అని కోటు తొడుక్కుంది మంగాదేవి.

ఓనరు ఆ కాగితం జాగ్రత్తగా చదువుకుని, కంపెనీ తిరిగి రిజిస్టరులో చేరగానే లీజు రాసుకుందామనీ, అప్పటిదాకా షాపు వాళ్ళదేననీ చెప్పాడు. ఆమె తిరిగి వచ్చేసరికి సుశీలమ్మ అందరికీ కంచాలు పెట్టి, ఎవరినీ ముద్ద ముట్టనివ్వకుండా కోడలి కోసం కూర్చుని ఉంది.

“తప్పు నాదే మంగా,” అన్నాడు మూర్తి గొంతు తగ్గించి. “ఇక నుంచి ప్రతి జూలైలో నేనే గుర్తుపెట్టుకుంటాను. ఆ పాస్‌వర్డ్ ఏం పెట్టావో చెప్పు, క్యాలెండర్ మీద రాసి పెడతాను.”

మంగాదేవి అతని కంచంలో అన్నం వడ్డించి, నెయ్యి వేసింది. కోపం పోయి కాదు, ఆకలితో ఉన్నాడని.

“చెప్పను,” అంది.