కొండమీది చెట్టు చదివిన పేరు

చీకటి పడ్డాక కొండమీది చర్చి పక్కనుంచి వెళ్ళొద్దని మా లోయలో ఎవర్నడిగినా చెబుతారు. పైకప్పు కూలిన పాత చర్చి అది. దాన్ని ఆనుకుని యూ అనే జాతి ముసలి చెట్టు ఒకటి, లోపలంతా డొల్ల. హాలోవీన్ రాత్రి ఆ డొల్లలోంచి ఒక గొంతు పేర్లు చదువుతుందట. ఎవరి పేరు వినబడితే వాళ్ళు మళ్ళీ వచ్చే హాలోవీన్ దాటరట.

నేను ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్ళే మనిషిని. నాకిలాంటివి గిట్టవు. అయినా ఆ దారిన వెళ్ళను. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు.

మా పక్కింటి మెరెరిడ్ మాత్రం నెలనెలా ఏరికోరి అక్కడికే పోయేది. తను డ్రూయిడ్, చెట్లనీ ఊటల్నీ కొలిచే పాతకాలపు మతం వాళ్ళది. వాళ్ళ బృందం ఎక్కడో దూరాన, పండగలకే కలుస్తుంది. "మిగతా రోజులకి నీ పూజ నువ్వే కట్టుకో. చిన్నదైనా సరే, నెల తప్పకూడదు" అని వాళ్ళ పెద్దావిడ చెప్పిందట. ఇక చూసుకోండి.

మొదటి నెల తెల్లంగీ ముళ్ళకంపకి తగులుకుని చిరిగింది. మరో నెల గాలికి దీపం ఆరిపోతే, అగ్గిపెట్టె ఇంట్లోనే మర్చిపోయింది.

"మీ దేవతలు టార్చిలైటు ఒప్పుకోరా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుంటే ఒప్పుకుంటారు బెతీ" అంది.

చివరికి హంగులన్నీ వదిలేసింది. అమావాస్య దాటిన ఆరోనాటి సాయంత్రం వెళ్ళడం, చెట్టు మొదట్లో ఊటనీళ్ళు పోయడం, ఎండుద్రాక్షల రొట్టెముక్క పెట్టడం. ఆ తర్వాత ఒక ప్రశ్న.

"శాంతి ఉందా?"

మూడుసార్లు అడగాలి. బృందంలో అయితే అందరూ ఒక్క గొంతుతో "ఉంది" అంటారు. అప్పుడే పూజ పూర్తయినట్టు. ఒంటరిగా చేస్తే ఆ జవాబూ తనే చెప్పుకోవాలి. మెరెరిడ్ చెప్పేది కాదు. ఆ చెట్టు దగ్గర అబద్ధం ఆడలేనంది. అడిగేది, కాసేపు నిలబడేది, దిగి వచ్చేసేది. ఏ నెలా పూజ పూర్తయ్యేది కాదు.

కారణం ఇద్వల్ ప్యూ. చెట్టు కింది వాలులో గొర్రెలు పెంచుకునే ఇద్వల్, తన సొంత అన్న. వాళ్ళమ్మ ఆఖరి రాత్రి మెరెరిడ్‌ని పిలవమని అడిగితే, తెల్లారాక చూద్దాంలే అని ఫోను చెయ్యలేదు. తెల్లారేసరికి అమ్మ లేదు. పాతిపెట్టిన రోజున అందరి ముందూ "ఇక నువ్వు నాకు చచ్చినట్టే" అనేసింది మెరెరిడ్. నాలుగేళ్ళుగా మాటల్లేవు. కానీ ప్రతి నెలా చెట్టు దగ్గర్నుంచి అన్న ఇంట్లో దీపం చూడకుండా దిగేదాన్ని కాదని తర్వాత తనే ఒప్పుకుంది.

ఆ ఏడాది ఆరోనాడు సరిగ్గా హాలోవీన్‌కే పడింది. ఈ ఒక్క నెలా మానుకోవే అని బతిమాలాను. వినలేదు.

ఇక జరిగింది తను చెప్పిందే చెబుతున్నాను.

ఐదున్నరకే చీకటి... పొగమంచు. నీళ్ళు పోసింది. రొట్టె పెట్టింది.

"శాంతి ఉందా?"

గాలి తప్ప ఏమీ లేదు.

"శాంతి ఉందా?"

ఈసారి ఆ గాలి కూడా ఆగిపోయింది.

"శాంతి... ఉందా?"

డొల్లలో ఏదో కదిలింది. ఆ తర్వాత — బొంగురుగా, నిదానంగా —

"ఇద్వల్... ప్యూ."

చెవులు మూసుకుందామంటే చేతులు లేవలేదు. ఆకుల మీద ఏదో గబగబా దూరమైన చప్పుడు... మళ్ళీ నిశ్శబ్దం. అప్పుడు ఇంకోసారి వచ్చింది. డొల్లలోంచి కాదు. చాలా మెల్లగా, తన చెవి పక్కనే —

"ఇడో... ఇడో..."

పరిగెత్తింది. మా వైపు కాదు — కిందికి, వాలులోకి, నాలుగేళ్ళుగా తొక్కని గడపకి. తలుపు దబదబా బాదింది. లోపల ఎవరూ లేరు. కాసేపటికి వెనకనుంచి ఆయాసపడుతూ వచ్చాడు ఇద్వల్, గొర్రెల్ని దొడ్లో పెట్టి వస్తున్నానంటూ.

విన్నది చెప్పలేదు మెరెరిడ్. "పొయ్యి మీద కౌల్ ఉందా?" అని అడిగింది. ఉందన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఆ పులుసు తాగారు.

ఆ ఏడాదంతా తనకి నిద్ర లేదు. అన్న దగ్గితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేది. నిచ్చెన ఎక్కనిచ్చేది కాదు. "నా గొర్రెల్ని నేను కాస్తుంటే ఇది నన్ను కాస్తోంది" అని ఇద్వల్ నా దగ్గర మొత్తుకునేవాడు. మొహం మాత్రం వెలిగిపోతుండేది.

మళ్ళీ హాలోవీన్ వచ్చింది, గడిచింది. మర్నాడు పొద్దున్నే మెరెరిడ్ నన్ను కూడా ఈడ్చుకుంటూ వాళ్ళింటికి పోయింది. ఇద్వల్ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాడు. అన్నని చూడగానే కూలబడి ఏడ్చింది. చెట్టు దగ్గర అన్న పేరు విన్న సంగతి అప్పుడు చెప్పింది.

ఇద్వల్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏడవకే పిచ్చిదానా. ఆ డొల్లలో ఉన్నది నేనే."

మేమిద్దరం తెల్లబోయాం.

"క్షమించమని నీ గుమ్మానికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. చస్తానంటే నువ్వే వస్తావనుకున్నా. వచ్చావు."

మెరెరిడ్ లేచి ఆ గరిటె లాక్కుని వీపు మీద ఒక్కటిచ్చింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ అన్నాచెల్లెళ్ళు నవ్వుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో.

"సరే, పేరు చదివితే చదివావు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ తర్వాత ఇడో, ఇడో అని అమ్మ నిన్ను పిలిచినట్టు పిలవడం ఎందుకన్నయ్యా? దానికే నా గుండె ఆగినంత పనైంది."

ఇద్వల్ నవ్వు ఆగిపోయింది.

"నేను పేరు ఒక్కసారే చదివా మెరీ... చదివి, వెనక కన్నంలోంచి దూరి పారిపోయా."

పొయ్యి మీద పులుసు అడుగంటుతున్న వాసన.

"ఆఖరి రాత్రి అమ్మ అన్నది అదే" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇడో, ఇడో... చెల్లిని పిలవరా అని."

ఆ నెల ఆరోనాడు నన్ను కూడా తీసుకెళ్ళారు. మెరెరిడ్ నీళ్ళు పోసింది, రొట్టె పెట్టింది, మూడుసార్లు అడిగింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ మూడుసార్లూ "ఉంది" అన్నారు.

ప్రతిసారీ మూడు గొంతులు వినబడ్డాయి. మూడోది నీదే కదా బెతీ అంటారు వాళ్ళిద్దరూ ఇప్పటికీ.

ఆ సాయంత్రం చెట్టు దగ్గర నేను అసలు నోరే విప్పలేదు.